గీజర్ థర్మోస్టాట్ తీసేసి స్మార్ట్‌ది పెట్టొచ్చా? దాని గుండా ఎంత కరెంటు పోతోందో చూసి చెప్పాలి

అమెరికా నుంచి పండక్కి వచ్చేవాళ్ళ పెట్టెల్లోంచి ఈ మధ్య చాక్లెట్లు, వాచీలతో పాటు స్మార్ట్ థర్మోస్టాట్‌లు కూడా దిగుతున్నాయి. థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి హీటర్‌నో ఏసీనో ఆపి, మళ్ళీ నడిపించే పరికరం. అక్కడి ఇంట్లో గోడకు బిగిస్తే ఫోన్‌లోంచే వేడి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మరి భీమవరంలోనో అమలాపురంలోనో నాన్నగారి గీజర్‌కు ఇది ఎందుకు పెట్టకూడదు? ప్రశ్న సహజమైనదే. వీడియోలు వెతికితే పాతది విప్పి కొత్తది పెట్టడం పావుగంట పనిలా కనిపిస్తుంది, అడిగితే మన ఎలక్ట్రీషియన్ మాత్రం తల అడ్డంగా ఊపుతాడు. ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ ఇద్దరూ మాట్లాడేది ఒకే వస్తువు గురించి కాదు. థర్మోస్టాట్ అనే ఒక్క పేరు కింద రెండు పూర్తిగా వేరు పరికరాలు ఉన్నాయి. ఈ తేడా తెలియకుండా స్క్రూ విప్పితే ప్రాణాలకే ప్రమాదం.

క్లుప్తంగా

అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే స్మార్ట్ థర్మోస్టాట్‌లు 24 వోల్టుల సిగ్నల్ తీగల కోసం చేసినవి. మన గీజర్ లోపలి థర్మోస్టాట్ గుండా 230 వోల్టుల కరెంటు నేరుగా పోతుంది, 2,000 వాట్ల గీజర్ అయితే అది సుమారు 8.7 ఆంప్స్. కాబట్టి మొదటిది రెండోదాని బదులు పనికిరాదు. గీజర్‌ను ఫోన్‌తో నడుపుకోవాలంటే లోపలి థర్మోస్టాట్‌నూ, వేడి హద్దు మీరితే కరెంటు తెంచే కటౌట్‌నూ కదపకుండా, బాత్రూమ్ బయట, సరిపడా ఆంప్స్ ఉన్న స్మార్ట్ స్విచ్ పెట్టుకోవాలి. దీంతో బిల్లు పెద్దగా తగ్గదు. ఆపడం మరిచిపోయినా దానంతట అదే ఆగుతుంది, పొద్దున్నే లేచేసరికి నీళ్ళు కాగి ఉంటాయి. లాభం అంతవరకే.

"హై వోల్టేజ్" అన్న మాట దగ్గరే గందరగోళం

హై వోల్టేజ్ థర్మోస్టాట్ అన్న మాట కెనడా, అమెరికా ఇళ్ళ నుంచి వచ్చింది. మన దగ్గర హై వోల్టేజ్ అంటే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 11 కేవీ లైను. 1956 నాటి మన విద్యుత్ నియమాల్లో 250 వోల్టులు దాటనిదంతా లో వోల్టేజ్ కిందే లెక్క. ఇంటి సాకెట్లో వచ్చే 230 వోల్టుల్ని ఎవరూ హై వోల్టేజ్ అనరు. అక్కడ మాత్రం గోడ మీది థర్మోస్టాట్‌లు చాలావరకు 24 వోల్టులతోనే పనిచేస్తాయి కాబట్టి, 120 లేదా 240 వోల్టుల ఇంటి కరెంటే నేరుగా పోయే రకాన్ని వేరు చేసి చెప్పడానికి హై వోల్టేజ్ అనీ లైన్ వోల్టేజ్ అనీ అంటారు. ఆ లెక్కన మన ఇళ్ళలోని గీజర్, పాత ఫ్రిజ్, నాబ్ తిప్పే పాత విండో ఏసీ, ఇస్త్రీ పెట్టె, వీటన్నిటిలో ఉన్నవీ లైన్ వోల్టేజ్ థర్మోస్టాట్‌లే. గోడ మీద కనపడవు కాబట్టి వాటి సంగతి మనకు గుర్తుకు రాదు.

చెరువు గట్టు మీది ప్యానెల్ పెట్టె చూస్తే అర్థమవుతుంది

ఈ తేడా గోదావరి డెల్టాలో ఎవరికైనా తేలిగ్గానే అర్థమవుతుంది, ఎందుకంటే రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ కనిపించేదే ఇది. చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల ప్యానెల్ పెట్టెలో పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. కానీ మోటారు లాగే కరెంటు ఆ బటన్ గుండా పోదు. బటన్ చేసేదల్లా కాంటాక్టర్ లోపలి కాయిల్‌కు కాస్త కరెంటు అందించడం. ఆ కాయిల్ అయస్కాంతమై లోపలి లావుపాటి కాంటాక్టులను లాగి పట్టుకుంటుంది, అసలు బరువు మోసేది ఆ కాంటాక్టులు. అందుకే సిమ్ కార్డు వేసిన చిన్న మొబైల్ స్టార్టర్ ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్ చేస్తే పొలంలోని మోటారును ఆన్ చేయగలుగుతోంది. దానికి బలం అక్కర్లేదు, చెప్పడం వస్తే చాలు.

పింగాణీ ఫ్యూజులున్న పాత ఇనప మెయిన్ స్విచ్ అలా కాదు. పిడి కిందికి లాగినప్పుడు లోపల చిటపటమని నిప్పురవ్వ కనిపిస్తుందంటే, మోటారు తాగే కరెంటంతా ఆ రాగి రేకుల గుండానే పోతున్నదన్నమాట.

24 వోల్టుల థర్మోస్టాట్ ఆ పచ్చ బటన్ లాంటిది. లైన్ వోల్టేజ్ థర్మోస్టాట్ ఆ ఇనప మెయిన్ స్విచ్ లాంటిది, కాకపోతే వేడిని బట్టి దానంతట అదే పడుతూ లేస్తూ ఉంటుంది. బటన్‌ను తీసి మెయిన్ స్విచ్ స్థానంలో పెడితే ఏమవుతుందో చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి కూడా చెప్పగలడు.

కెనడాలో వాళ్ళు మార్చుకునేది ఏది?

సెంట్రల్ ఏసీ, ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ ఉన్న అమెరికా ఇళ్ళలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులను 24కు దించుతుంది. గోడ మీది థర్మోస్టాట్ నుంచి సన్నటి రంగురంగుల తీగలు ఫర్నేస్ దాకా వెళ్తాయి, ఒక తీగ వేడి కోసం, ఒకటి చల్లదనం కోసం, ఒకటి ఫ్యాన్ కోసం, స్మార్ట్‌ది అయితే దానికి ఎప్పుడూ కరెంటు అందడానికి సీ వైర్ అని ఇంకొకటి. 2011లో వచ్చిన నెస్ట్, ఆ తరహాలోనే ఉండే ఇకోబీ, రెండూ ఈ ఏర్పాటు కోసం చేసిన స్మార్ట్ థర్మోస్టాట్‌లే. పాతది విప్పి కొత్తది పెట్టడం పావుగంట పని అని వీడియోల్లో చెప్పేది ఇలాంటి ఇళ్ళ గురించే.

రెండో రకం ఇళ్ళున్నాయి. కెనడాలోని క్యూబెక్‌లో జలవిద్యుత్ చౌకగా దొరుకుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ ఇళ్ళకు కరెంటుతోనే వెచ్చదనం. గది గదికీ గోడ అడుగున పొడుగాటి బేస్‌బోర్డ్ హీటర్, దానికి 240 వోల్టుల సరఫరా, మధ్యలో గోడ మీద గుండ్రటి నాబ్ ఉన్న థర్మోస్టాట్. హీటర్ తాగే కరెంటంతా దాని గుండానే పోతుంది. 1,500 వాట్ల హీటర్‌కు 6.25 ఆంప్స్. అక్కడి 240 వోల్టుల్లో న్యూట్రల్ ఉండదు, రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. అందుకే రెండింటినీ తెంచే డబుల్ పోల్ థర్మోస్టాట్, ఒక్కదాన్నే తెంచే సింగిల్ పోల్ థర్మోస్టాట్ అని రెండు రకాలు. సింగిల్ పోల్ అయితే ఆపేశాక కూడా హీటర్‌లో కరెంటు ఉన్నట్టే లెక్క.

ఈ ఇళ్ళ కోసం మైసా, సినోపే లాంటి కంపెనీలు స్మార్ట్ లైన్ వోల్టేజ్ థర్మోస్టాట్‌లు చేస్తున్నాయి. ఇక్కడ ఒక చిక్కుంది. పాత థర్మోస్టాట్‌కు బతకడానికి కరెంటు అక్కర్లేదు, రెండు లోహపు రేకులు వేడికి వంగితే చాలు. స్మార్ట్‌దానికి మాత్రం వైఫై, తెర, చిప్పు ఉన్నాయి కాబట్టి హీటర్ ఆగి ఉన్నప్పుడు కూడా కాస్త కరెంటు కావాలి. గోడలో నాలుగు తీగలు ఉంటే ఇబ్బంది లేదు. రెండే ఉంటే హీటర్ గుండానే కొద్దికొద్దిగా కరెంటు లాక్కునే పద్ధతి వాడాలి, సినోపే రకాల్లో కొన్ని అలాగే పనిచేస్తాయి. న్యూట్రల్ లేని బోర్డులో టచ్ స్విచ్ పెడితే ఆపేశాక కూడా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమిణుకుమనడం మన ఇళ్ళలోనూ చాలామంది చూసి ఉంటారు, కారణం అదే.

సరే, మైసా లాంటిది 240 వోల్టులది, 16 ఆంప్స్ మోస్తుంది, మన 230కి దగ్గరే కదా, దాన్ని తెచ్చి గీజర్‌కు పెడితే? వోల్టేజ్ కుదిరినా పని కుదరదు. అది కొలిచేది గదిలోని గాలి వేడిని. గీజర్‌కు తెలియాల్సింది ట్యాంకులో నీళ్ళు ఎంత కాగాయో. బాత్రూమ్ గోడ మీద గాలి 27 డిగ్రీలు ఉందని చూసి అది తీసుకునే ఏ నిర్ణయమూ నీళ్ళకు వర్తించదు.

ఇక 24 వోల్టులదాన్ని పొరపాటున 230కి కలిపితే? మామూలు రెసిస్టెన్సులా లెక్కేసినా వోల్టేజ్ 9.6 రెట్లు పెరిగితే వేడి దాని వర్గంగా, అంటే దాదాపు 92 రెట్లు పెరుగుతుంది. ఒక్క క్షణంలో మాడిపోతుంది.

రంగుల గొడవ ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. మన పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. అమెరికాలో నల్ల తీగలోనే కరెంటు ఉంటుంది, న్యూట్రల్ తెలుపు. అక్కడి వీడియో చూసి ఇక్కడ తీగలు పట్టుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి మరిచిపోకూడదు.

మన గీజర్ లోపల ఏముంది?

కింది మూత విప్పితే నీళ్ళు కాచే ఎలిమెంట్ పక్కన ఒక సన్నటి గొట్టంలోకి దూర్చిన కడ్డీ, దాని తల మీద చిన్న నాబ్ కనిపిస్తాయి. స్టెమ్ థర్మోస్టాట్ అంటే అదే. బయట ఇత్తడి గొట్టం, లోపల ఇన్వార్ కడ్డీ. ఇన్వార్ అంటే వేడికి దాదాపుగా సాగని నికెల్, ఇనుము మిశ్రమం, దీన్ని కనిపెట్టిన గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నీళ్ళు కాగుతుంటే ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ సాగదు, ఆ తేడా తల దగ్గరి స్ప్రింగ్ కాంటాక్టును టక్కున విడదీస్తుంది. 25 సెంటీమీటర్ల కడ్డీలో 10 డిగ్రీలకు వచ్చే ఆ తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంత చిన్న కదలికతో 8.7 ఆంప్స్ కరెంటును తెంచి, కలిపి, ఏళ్ళ తరబడి నడుస్తుంది. వైఫై లేదు, ప్రోగ్రామ్ లేదు, కరెంటు పోయి వచ్చినా మరిచిపోవడానికి దానిలో ఏమీ లేదు.

దీనికి తోడు థర్మల్ కటౌట్ విడిగా ఉంటుంది. థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి వేడి హద్దు మీరితే ఇది తెంచేస్తుంది, చాలా గీజర్లలో మళ్ళీ చేత్తో నొక్కితే గానీ కలవదు. ఆ తరువాత ప్రెషర్ వదిలే వాల్వ్. ఒకటి ఓడిపోతే ఇంకొకటి కాపాడాలని పెట్టిన వరుస ఇది.

అసలు భయపడాల్సింది ఇక్కడ. థర్మోస్టాట్ పాడైనప్పుడు కొత్తది దొరికే దాకా ఆగలేక, "డైరెక్ట్ చేసేశాను, టైమ్ చూసుకుని ఆపుకోండి" అని వెళ్ళిపోయే మెకానిక్‌లు ఉన్నారు. అంటే థర్మోస్టాట్‌ను తప్పించి తీగలు కలిపేయడం. దాని మీద స్మార్ట్ ప్లగ్ పెట్టి, 20 నిమిషాలకు ఆగేలా ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే చాలు, ఇదీ స్మార్ట్ థర్మోస్టాట్ లాంటిదే అనిపిస్తుంది. లెక్క చూడండి. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.6 యూనిట్ చాలు, 2,000 వాట్ల ఎలిమెంట్‌తో 18 నిమిషాలు. అవే నీళ్ళు 100 డిగ్రీలకు చేరడానికి 1.3 యూనిట్లు, దాదాపు 40 నిమిషాలు. స్నానానికి సరిపోయే వేడికీ మరుగుకీ మధ్య ఉన్నది ఆ 22 నిమిషాలే. ఆ మధ్యలో వైఫై పోయి ఆపమన్న మాట ప్లగ్‌కు చేరకపోయినా, ప్లగ్‌లో కరెంటును కలిపి తెంచే రిలే కాంటాక్టులు అతుక్కుపోయినా, అడ్డుపడటానికి లోపల థర్మోస్టాట్ లేదు. నీరు మామూలు ఒత్తిడిలో ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. మూసి ఉన్న ట్యాంకులో ఆ ఒత్తిడికి దారి దొరక్కపోతే ఏమవుతుందో ఊహించవచ్చు. డైరెక్ట్ చేసిన గీజర్‌ను ఒక్క రోజు కూడా వాడకూడదు, స్మార్ట్ ప్లగ్ పెట్టి అసలే వాడకూడదు.

స్మార్ట్ అన్నది ఎక్కడ పెట్టాలి?

లోపలి థర్మోస్టాట్ పాతబడితే అదే రకం, అదే పొడవు, అదే ఆంప్స్ ఉన్న మామూలు థర్మోస్టాట్‌తోనే మార్చాలి. స్మార్ట్ భాగం దానికి ముందు, బయట ఉండాలి. ఎంత సేపు కరెంటు ఇవ్వాలో ఫోన్ చెబుతుంది, ఎంత వేడి దగ్గర ఆపాలో కడ్డీ చెబుతుంది. రెండింట్లో ఏది ముందు ఆపమంటే అది ఆపుతుంది.

అందరికీ తేలికైనది 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్. బజారులో 6, 10 ఆంప్స్‌వి కూడా దొరుకుతాయి, అవి టేబుల్ ఫ్యాన్‌కో సెల్ ఛార్జర్‌కో సరిపోతాయి గానీ గీజర్‌కు కావు. 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంప్స్ లాగుతుంది, అది 16కు బాగా దగ్గర. ఇన్‌స్టంట్ రకానికి టైమర్‌తో పెద్దగా పని కూడా లేదు, అక్కడ ప్లగ్ పెట్టకపోవడమే మంచిది. 25 లీటర్లు, అంతకన్నా పెద్ద గీజర్‌ను రోజూ గంటల తరబడి వాడే ఇంట్లో మాత్రం చెరువు గట్టు పద్ధతే మేలు. చిన్న స్మార్ట్ రిలే ఒకటి, దాని మాట వినే 25 ఆంప్స్ కాంటాక్టర్ ఒకటి, ఎం.సి.బి. పెట్టె పక్కనే. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ కాంటాక్టర్ కాంటాక్టులు ఆ బరువుకే తయారైనవి. ప్యానెల్ పెట్టెలు కట్టే ఎలక్ట్రీషియన్లు ఊరూరా ఉన్నారు కాబట్టి డెల్టాలో ఈ పని చేయించుకోవడం కష్టం కాదు.

రేటింగ్ చదివేటప్పుడు ఒక చిన్న సంగతి. రిలే మీద 16 ఆంప్స్ అని రాసేది మామూలుగా హీటర్ లాంటి లోడ్‌కు. మోటారు మొదలయ్యేటప్పుడు దాని మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది, ఆపేటప్పుడు నిప్పురవ్వ పెద్దది. గీజర్‌కు బాగా పనిచేసింది కదా అని అదే ప్లగ్‌ను నీళ్ళ మోటారుకు తగిలిస్తే రిలే కాంటాక్టులు అతుక్కుపోయే ప్రమాదం ఉంది.

ప్లగ్ పెట్టే చోటు బాత్రూమ్ బయటే. ఆవిరి లోపలికి దూరితే సర్క్యూట్ బోర్డు మీద తేమ పేరుకుంటుంది.

డెల్టా ఇళ్ళ వైరింగ్ సంగతి

ప్లగ్ ఎంత మంచిదైనా దాని వెనకున్న తీగ ముఖ్యం. పాత పెంకుటిళ్ళలో, మండువా లోగిళ్ళలో కర్ర పట్టీల మీద లాగిన అల్యూమినియం తీగలు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల ఫేజ్, న్యూట్రల్ తప్ప ఎర్త్ తీగే లేదు. తరువాత ఎప్పుడో బాత్రూమ్ కట్టుకుని లైటు పాయింటు నుంచే ఒక వైరు లాగి గీజర్ తగిలించి ఉంటారు. లైట్లకు వాడే 1/18 తీగ రాగిదైనా ఒక చదరపు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. గీజర్‌కు 2.5 గానీ 4 గానీ ఉండాలి, అదీ బోర్డు నుంచి విడిగా. స్మార్ట్ ప్లగ్ కొనే ముందు ఈ తీగ చూపించుకోవడం ఎక్కువ అవసరం.

ఫేజ్, న్యూట్రల్ తారుమారు కావడం ఇంకో లోపం. రిలే ఒక్క తీగనే తెంచుతుంది. సాకెట్లో ఎర్త్ రంధ్రం పైకి ఉండేలా చూస్తే కుడి వైపుది ఫేజ్ కావాలి, టెస్టర్ పెడితే అక్కడే వెలగాలి. ఎడమవైపు వెలిగితే తీగలు మారిపోయాయన్నమాట. అప్పుడు ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా ఎలిమెంట్‌లో కరెంటు అలాగే ఉంటుంది. కెనడావాళ్ళ సింగిల్ పోల్ సమస్యే ఇది, మన ఇంట్లో వేరే దారిన వస్తుంది.

ఎర్త్ తీగ, 30 మిల్లీఆంప్స్ ఆర్.సి.సి.బి., ఈ రెండూ లేని చోట గీజర్‌కు ఏ కొత్త పరికరమూ తగిలించకూడదు. ఆర్.సి.సి.బి. ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా వస్తే, అంటే ఎలిమెంట్ చిట్లి నీళ్ళలోకి కారుతున్నా, క్షణంలో తెంచేస్తుంది. ఈ పని ఎంత ఖరీదైన స్మార్ట్ ప్లగ్ అయినా చేయదు.

గాలివాన సంగతి కూడా చెప్పుకోవాలి. తుపానుకు తీగలు తెగినప్పుడు ఎక్కడో న్యూట్రల్ ఊడితే, ఒక్కో ఇంటికి 230 బదులు 400కు దగ్గరగా వోల్టేజ్ వచ్చే ప్రమాదం ఉంది. వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు అన్నీ ఒకేసారి కాలిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. ఇత్తడి కడ్డీ థర్మోస్టాట్‌కు ఆ పోటు వల్ల పెద్దగా ఏమీ కాదు, స్మార్ట్ ప్లగ్‌లోని చిన్న పవర్ సప్లై మొదటి దెబ్బకే పోతుంది. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్ పీకేయడం మేలు. కరెంటు పోయి వచ్చాక ఏ స్థితిలో ఉండాలన్నది యాప్ సెట్టింగుల్లో ఉంటుంది, దాన్ని ఆఫ్ అనే పెట్టుకోవాలి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు, ట్యాంకు ఖాళీ చేసి ప్లంబర్ పని సగంలో ఆపిన రోజున కూడా, గీజర్ తనంతట తాను మొదలవుతుంది. నీళ్ళు లేని ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది.

బోరు నీళ్ళు, ఉప్పు గాలి

నరసాపురం, అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పన. గోదావరి కాలవ నీళ్ళు వాడే ఇంటికీ బోరు నీళ్ళు వాడే ఇంటికీ గీజర్ వయసులో తేడా తెలిసిపోతుంది. గట్టి నీళ్ళు కాగినప్పుడు అందులోని సున్నం ఎలిమెంట్ మీద, థర్మోస్టాట్ గొట్టం మీద తెల్లగా పొర కడుతుంది. ఆ పొర వేడిని ఆపుతుంది. ఎలిమెంట్ లోపల ఎక్కువ వేడెక్కుతుంది, థర్మోస్టాట్‌కు నీళ్ళ వేడి ఆలస్యంగా తెలుస్తుంది. నాబ్ 60 దగ్గరే ఉన్నా నీళ్ళు ఒకసారి చల్లగా, ఒకసారి మరీ కాగి వస్తుంటే థర్మోస్టాట్ మార్చే ముందు ఎలిమెంట్ విప్పి చూడాలి. చాలాసార్లు తప్పు సున్నానిది.

ఉప్పు గాలి మిగతా పని చేస్తుంది. ఇత్తడి స్క్రూల మీద పచ్చ చిలుము పడితే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. 0.1 ఓమ్ పెరిగినా 8.7 ఆంప్స్ దగ్గర అక్కడ ఏడున్నర వాట్ల వేడి పుడుతుంది, 13 ఆంప్స్ దగ్గర దాదాపు 17 వాట్లు, అదంతా ఒక స్క్రూ తల మీద. పాత సాకెట్ల మూతలు పసుపుబారి తరువాత నల్లబడేది ఇందుకే.

ఏసీ విషయం వేరు

నాబ్ తిప్పే పాత విండో ఏసీలో కంప్రెసర్ కరెంటు థర్మోస్టాట్ గుండానే పోతుంది కాబట్టి అదీ గీజర్ కోవలోదే. ఒక తేడా ఉంది. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్ళీ మొదలైతే లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకోక మోటారు బిగుసుకుని కరెంటు విపరీతంగా లాగుతుంది, అందుకే మూడు నిమిషాల విరామం కావాలి. స్మార్ట్ ప్లగ్‌కు ఆ సంగతి తెలియదు. ఇన్వర్టర్ ఏసీలకు అసలు కరెంటు తెంచి ఆపే పద్ధతే పనికిరాదు, దాని బోర్డుకు రిమోట్‌తో చెప్పి ఆపించాలి. రిమోట్ మాటను ఫోన్ నుంచి పలికించే చిన్న ఐఆర్ పెట్టె ఒకటి కొనుక్కుంటే ఏ తీగా ముట్టుకోకుండా పని జరుగుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం వచ్చింది, దాన్ని అలాగే వదిలేసినా చాలా ఇళ్ళలో సరిపోతుంది.

బిల్లు ఎంత తగ్గుతుంది?

స్మార్ట్ థర్మోస్టాట్‌తో ఎంతో ఆదా అని చెప్పే లెక్కలు చలి దేశాలవి. నెలల తరబడి ఇల్లంతా వెచ్చబెట్టేచోట, రాత్రి నాలుగు డిగ్రీలు తగ్గించుకుంటే గోడల గుండా బయటికి పోయే వేడి ఆ మేరకు తగ్గుతుంది, బిల్లులో స్పష్టంగా తెలుస్తుంది. డెల్టాలో గీజర్ గట్టిగా వాడేది మార్గశిరం నుంచి మాఘం దాకా, అదీ పొద్దున పూట.

25 లీటర్ల నీళ్ళను 25 నుంచి 60కి కాచడానికి ఒక యూనిట్. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే ఆరు రూపాయలు. ఇది స్మార్ట్ ప్లగ్ ఉన్నా లేకున్నా మారదు, ఎందుకంటే స్నానం అంతే, నీళ్ళు అంతే. తగ్గేది రోజంతా ఆన్‌లో వదిలేసినప్పుడు ట్యాంకు గోడల గుండా పోయే వేడి మాత్రమే. స్టార్ రేటింగ్ ఉన్న ఈ పాటి గీజర్‌కు అది రోజుకు ఒక యూనిట్ లోపే. మూడు నెలలు రోజూ మరిచిపోయేవాళ్ళకు కూడా మహా అయితే 90 యూనిట్లు, అంటే 540 రూపాయలు. వాడి వెంటనే ఆపే అలవాటున్న ఇంట్లో మిగిలేది దాదాపు ఏమీ లేదు.

నాబ్‌ను 60 నుంచి 50కి తిప్పితే పైసా ఖర్చు లేకుండా ఆ నష్టంలో మూడో వంతుకు కాస్త తక్కువ తగ్గుతుంది. మరీ 40కి తగ్గించి రోజుల తరబడి నీళ్ళు అలాగే నిలవ ఉంచడం మాత్రం మంచిది కాదు, ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లీజియొనెల్లా బాక్టీరియా గోరువెచ్చని నిలవ నీళ్ళలోనే పెరుగుతుంది.

అయితే డబ్బు లెక్కతోనే అంతా తేలదు. పిల్లలు దూరాన ఉండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్నప్పుడు, గీజర్ ఆపామా లేదా అన్న టెన్షన్ పోవడం చిన్న విషయం కాదు. తెల్లవారుజామున అయిదింటికి ఆన్ అయ్యి అయిదున్నరకు ఆగేలా పెడితే వాళ్ళు స్విచ్ దగ్గరికే వెళ్ళక్కర్లేదు. ఆ టైమర్ ప్లగ్‌లోనే నిలవ ఉండే రకం కొనాలి, కొన్నిట్లో అది ఇంటర్నెట్ ఉంటేనే పనిచేస్తుంది. ఇలాంటి ప్లగ్‌లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయన్నది కూడా రౌటర్ దగ్గర చూసుకోవాలి.

పెట్టాక మొదటి వారం

బిగించిన రోజున గీజర్ ఆన్ చేసి, థర్మోస్టాట్ తనంతట తాను ఆపేదాకా ఉండి చూడాలి. గీజర్ మీది చిన్న లైటు ఆరిపోయిందంటే కడ్డీ తన పని చేస్తోంది. ఆరకుండా ముప్పావుగంట దాటితే మెయిన్ ఆపేసి మెకానిక్‌ను పిలవాలి, ఇదివరకు ఎవరో డైరెక్ట్ చేసి ఉండొచ్చు. తరువాత వారం పాటు, పావుగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్‌ను పొడి చేత్తో వెనక భాగం పట్టుకుని చూడాలి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే, ముందు అనుమానించాల్సింది గోడలోని పాత సాకెట్‌ను. వదులైన దాని రేకుల దగ్గరే వేడి పుట్టి ప్లగ్ కాళ్ళ గుండా లోపలికి పాకుతుంది, అప్పుడు సాకెట్, దాని వెనక తీగ చివర రెండూ మార్పించాలి.